రోడ్డుకి అవతలి అమ్మ

"నేను సంతకం పెట్టను," అంది లోరెట్టా. అలా అనడం ఇది మూడోసారి.

మొదటిసారి అన్నప్పుడు గొంతు పెంచింది. రెండోసారి ఏడ్చింది. ఈసారి మాత్రం కాఫీలో చక్కెర వద్దన్నంత మామూలుగా అంది. ఐవీకి అసలు భయం వేసింది ఇప్పుడే.

వంటింటి బల్ల మీద ఆ కాగితం అలాగే ఉంది. దానికి అటు అమ్మ, ఇటు తను. నానమ్మ ఆగ్నెస్ కూర్చోలేదు. పొయ్యి పక్క గట్టు మీద గుడ్లు కలిపిన పిండిని పల్చగా ఒత్తి, కత్తితో సన్నగా నూడుల్స్ కోస్తోంది. కోసినవి ఆరబెట్టడానికి ఇంట్లో ఉన్న కుర్చీల వీపులన్నిటి మీదా తువ్వాళ్ళు పరిచింది. అందుకని, మళ్ళీ పెళ్ళి చేసుకుని వెళ్ళిన మూడు నెలలకి మొదటిసారి ఈ గడప తొక్కిన కోడలు, వీపు ఆనించకుండా నిటారుగా కూర్చోవలసి వచ్చింది. నానమ్మ ఆ పని కావాలనే చేసిందని ఐవీ అనుమానం. ఒక్క కుర్చీ ఖాళీగా వదిలితే ఆవిడ సొమ్మేం పోదు.

కాగితంలో ఉన్నది రెండు వాక్యాలే. లోరెట్టా వాస్ అనే తాను, తన కూతురు ఐవీ ప్రోహాస్కా సంరక్షణ బాధ్యతను ఈ రోజు నుంచి ఆమె నానమ్మ ఆగ్నెస్ ప్రోహాస్కాకి అప్పగిస్తున్నట్టు ఒకటి, ఇది తన ఇష్టపూర్వకంగానే చేస్తున్నట్టు రెండోది. కింద ఒక గీత. ఆ గీత మీద సంతకం పడి, సాయంత్రం అయిదు లోపల బళ్ళో సూపరింటెండెంటు ఓటిసన్ గారి బల్ల మీదికి చేరాలి.

"పెట్టకపోతే ఏమవుతుందో ఓటిసన్ గారు నీకు ఫోన్లో చెప్పారు కదమ్మా," అంది ఐవీ.

"చెప్పాడు. చదువు ఆగదన్నాడు. తరగతులకి వెళ్ళచ్చన్నాడు."

"తరగతులకి వెళ్ళచ్చు. అంతే."

ఆ 'అంతే'లో ఒక ఏడాది ఉంది. సెప్టెంబరులో మాంసం కొట్లో అడిగి తెచ్చుకున్న పొట్లాల కాగితం చుట్ట మీద రంగులతో పోస్టర్లు రాసి, ఎన్నికల్లో నిలబడి, పదకొండు ఓట్ల తేడాతో విద్యార్థి సంఘానికి అధ్యక్షురాలయింది ఐవీ. అక్టోబరులో ఊరేగింపు బండికి కాగితప్పూలు గుచ్చి గుచ్చి వేళ్ళు వాచిపోయాయి. నవంబరు గాలిలో బాగా చదివే పిల్లల సంఘం ఆనర్ సొసైటీ తరఫున ఇల్లిల్లూ తిరిగి, లేనివాళ్ళ కోసం డబ్బాల కొద్దీ చిక్కుళ్ళూ మొక్కజొన్నా పోగు చేసింది. ఫిబ్రవరిలో డ్రామా క్లబ్బులో ముసలి తల్లి వేషం సంపాదించుకుంది. కొడుకుని రైలెక్కించి, ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా మిగిలిపోయే తల్లి అది. ఆ నాటకం ఇంకా రెండు వారాల్లో. ఆనర్ సొసైటీ సభ ఈ రోజు సాయంత్రం ఏడింటికి. బడి చదువు ముగిసే పట్టాల పండగ ఆరు వారాల్లో. సంతకం పడకపోతే ఇవన్నీ పోతాయి. అధ్యక్ష పదవీ, సొసైటీ, వేషం అన్నీ ఇంకొకరివైపోతాయి.

డోర్నాక్ బడికి హద్దు కౌంటీ రోడ్డు. రోడ్డుకి ఇవతల కాపురం ఉన్నవాళ్ళ పిల్లలు డోర్నాక్ వాళ్ళు, అవతలివాళ్ళ పిల్లలు హెబ్లర్ వాళ్ళు. కన్నవాళ్ళు గాని, చట్టం ఒప్పిన సంరక్షకులు గాని ఏ పక్క ఉంటే పిల్లలు ఆ పక్క బడి తరఫునే నిలబడాలి, ఆడాలి, నటించాలి. అమ్మ కొత్త భర్త డేల్ వాస్ పొలం రోడ్డుకి అవతల మొదలవుతుంది. జనవరిలో అమ్మ అక్కడికి కాపురానికి వెళితే ఐవీ నానమ్మ దగ్గరే ఉండిపోయింది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, బడి గుమాస్తాతో సహా. తెలిసినా ఎవరూ తెలిసినట్టు ఉండలేదు. చిన్న ఊళ్ళో మంచితనమంటే చాలా మటుకు ఇదే.

ఆ మంచితనాన్ని చెడగొట్టింది పగవాళ్ళెవరూ కాదు. లోరెట్టాయే.

ఆనర్ సొసైటీ సభకి అచ్చేసే పత్రంలో పిల్లల పేరు పక్కన తల్లిదండ్రుల పేర్లూ ఊరూ వేస్తారు. ఆ వివరాల కోసం ఇంటికొక చీటీ వస్తుంది. లోరెట్టా ఆ చీటీలో 'మిసెస్ లోరెట్టా వాస్, రూట్ రెండు, హెబ్లర్' అని గుండ్రటి అక్షరాలతో రాసి, తపాలా బిళ్ళ అంటించి పోస్టులో వేసింది. అచ్చులో తన పేరు చూసుకోవాలన్న ముచ్చటలో రోడ్డు సంగతి మరిచిపోయింది. చీటీ తిన్నగా స్కూలు బోర్డు సమావేశంలో బల్ల మీద తేలింది. కాగితం మీద కనిపించాక కళ్ళు మూసుకోవడం ఎవరి తరం.

"అసలు ఆ చీటీ నాకిచ్చి ఉంటే సరిపోయేది," అంది నానమ్మ, కత్తి ఆపకుండా. "ఇదే ఊరు, ఇదే వీధి అని రాసి పడేసేదాన్ని."

"అబద్ధం రాసేవారా అత్తయ్యా?"

"అబద్ధమేముంది? పిల్ల తినేది ఇక్కడ, పడుకునేది ఇక్కడ. దాని సాక్స్ ఉతికేది నేను. నువ్వెక్కడున్నావో ఆ చీటీ అడగలేదు."

"తల్లి పేరు అడిగింది."

"తల్లి ఎక్కడుందో తల్లికే తెలియాలి."

లోరెట్టా కాఫీ కప్పుని చేతుల్లో ఒక చుట్టు తిప్పింది. ఉంగరం కొత్తది కావడం వల్ల కప్పుకి తగిలి టిక్కుమంది. నానమ్మ ఆ చప్పుడికి తలెత్తి, మళ్ళీ పిండిలోకి దించుకుంది.

"రేమండ్ పోయి నాలుగేళ్ళయింది, అత్తయ్యా," అంది లోరెట్టా చివరికి.

"నాకు లెక్క తెలుసు. వాడు నా కొడుకు."

"మీకు కోపం ఉంటే నా మీద చూపించండి. నా కూతుర్ని నా చేతులతో రాసిచ్చెయ్యమనకండి."

"నేనెక్కడ అన్నాను? కాగితం నేను తెచ్చానా? నేను నూడుల్స్ కోసుకుంటున్నాను."

ఇలా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా పోట్లాడుకుంటుంటే మధ్యలో ఐవీ గడియారం చూసింది. మూడుంపావు. సంఘం సమావేశాల్లో ఇంతకంటే మొండివాళ్ళని దారికి తెచ్చింది. చెరో రెండు నిమిషాలు మాట్లాడనిచ్చి, సుత్తితో బల్ల మీద ఒకటి కొట్టి, ఓటు పెడితే అయిపోయేది. ఇక్కడ సుత్తి లేదు. ఓట్లు మూడు. తన ఓటు ఎటో తనకే సరిగా తెలియదు.

"ఇది ఉత్త కాగితమేనమ్మా," అంది మెత్తగా. "ఆరు వారాల ముచ్చట. పట్టా చేతికొచ్చాక చింపేద్దాం. ఓటిసన్ గారే అన్నారు."

"ఉత్త కాగితమైతే నా సంతకం ఎందుకు?"

"అమ్మా."

"నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రిలో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అదీ ఉత్త కాగితమేనా? ఇందులో 'ఇష్టపూర్వకంగా' అని రాసుంది, ఐవీ. చదివావా? నాకు ఇష్టం లేదు. లేదని తెలిసీ ఉందని రాయమంటున్నావు. ఈ సాయంత్రం నువ్వే కదా స్టేజీ మీద నిలబడి ఆ నాలుగో కొవ్వొత్తి వెలిగించేది? ఏమిటది, చదువు, సేవ, నాయకత్వం, ఇంకా..."

"నడవడి," అంది ఐవీ.

"అదీ."

అది తగలాల్సిన చోటే తగిలింది. తగిలినప్పుడు మనుషులు ఏం చేస్తారో ఐవీ కూడా అదే చేసింది. చేతికందిన దానిలో బరువైనదేదో చూసి తిరిగి విసిరింది.

"నీకు పెళ్ళి కావాల్సొచ్చింది, చేసుకున్నావు. జూన్ దాకా ఆగమని నేను అడిగానా? ఒక్కసారి అడిగానా? అడగలేదు. ఇప్పుడు నాకు ఆరు వారాలు కావాలి. ఇవ్వు."

నానమ్మ కత్తి ఆగింది.

లోరెట్టా కూతురి మొహం వంక చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదని ఐవీకి తరువాత చాలాసార్లు అనిపించింది. కోపం లేదు. కూతురు తనని అప్పుడే ఏదో ఊరి నుంచి దిగిన మనిషిలా చూస్తోందని ఆవిడకి ఆ క్షణాన అర్థమైనట్టుంది.

ఐవీ కుర్చీ వెనక్కి తోసి లేచింది. తువ్వాలు జారి నాలుగు నూడుల్స్ కింద పడ్డాయి.

బయట వాకిట్లో డేల్ వాస్ ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, తనూ ఆశించలేదు. ఏప్రిల్ గాలికి గుమ్మం ముందు బురద పైపైన ఆరి, లోపల ఇంకా మెత్తగా ఉంది. ఐవీ ఎక్కడికి పోవాలో తెలియక ట్రక్కు దాకా వెళ్ళింది. డేల్ అద్దం దించాడు.

"లోపల ఎలా ఉంది?" అన్నాడు.

"నూడుల్స్ కోస్తున్నారు."

"ఊఁ," అన్నాడు డేల్. చాలా మాటలకి అతను వాడే మాట అదే. కాసేపు స్టీరింగు మీద వేలితో దరువేశాడు. "ఒక మాట చెప్తాను. చెప్పచ్చో లేదో తెలీదు."

"చెప్పండి."

"ఆ చీటీ. మీ బడి నుంచి వచ్చింది. వచ్చిందొక్కటే కదా, అందుకని మీ అమ్మ ముందు నా దాణా కొట్టు రసీదుల వెనకాల రాసి చూసుకుంది. నాలుగు సార్లు. మొదటిసారి పాత పేరు రాసేసింది, ప్రోహాస్కా అని. తరువాత అక్షరాలు బాగా లేవంది. భోజనం చల్లారిపోయింది." మళ్ళీ దరువేశాడు. "సెప్టెంబరులో నీ ఫొటో పేపర్లో పడింది చూడు, ఎన్నిక గెలిచినప్పుడు. దాని కింద నీ పేరొక్కటే వేశారు. ఫలానా వారి అమ్మాయి అని లేదు. అది మనసులో పెట్టుకుంది. ఈసారి వేస్తారుట కదా అని నాతో అంది."

ఐవీ తల దించుకుని బురద వంక చూసింది.

"నేను నిన్ను తిట్టడానికి చెప్పలేదు," అన్నాడు డేల్ కంగారుగా. "నాకు ఆడపిల్లలు లేరు. ఎలా చెప్పాలో తెలీదు."

అప్పుడు గుర్తొచ్చింది ఐవీకి. కిందటేడు దాకా, నాటకంలో వేషం వచ్చిన ప్రతిసారీ అమ్మే ఎదుటి పాత్ర మాటలు అందించేది. అంట్లు తోముతూ, పుస్తకాన్ని పంచదార డబ్బాకి ఆనించి, రాజైనా దొంగైనా అన్నిటికీ గొంతు మార్చి చదివేది. ఈ ఏడు ఆ పని నానమ్మ చేస్తోంది. కళ్ళజోడు ముక్కు మీదికి దించి, విత్తనాల కంపెనీ జాబితా చదివినట్టు చదువుతుంది. 'అమ్మా రైలు కదులుతోంది నేను మళ్ళీ వస్తాను ఏడవకు' అని ఒక్క ఊపిరిలో లాగించి, 'ఆ తరువాత నీదే' అంటుంది. ఆ తరువాత ఐవీ చెప్పాల్సిన మాటలు మూడు వారాలుగా గొంతులో సరిగా పలకడం లేదు. డ్రామా టీచరు కూడా అన్నారు, ఎవరినో నిజంగా పంపిస్తున్నట్టు చెప్పమని. తను ఎవరినీ పంపలేదు. తనని వదిలి వెళ్ళారు. ఆ రెండిట్లో ఏది ఎక్కువ నొప్పో తేలడం లేదు ఐవీకి.

గబగబా లోపలికి నడిచింది. ఏం చెప్పాలో పూర్తిగా అనుకోలేదు. వద్దులే అమ్మా అనాలో, నన్ను క్షమించు అనాలో, ఆ రెండూ అనాలో.

వంటింట్లో అమ్మ కలానికి మూత పెడుతోంది.

గీత మీద సంతకం ఉంది. చీటీలో రాసిన గుండ్రటి అక్షరాలు కావు. పోస్టుమాన్ నిలబడి తొందర పెడుతుంటే రాసినట్టు ఉంది.

"ఇదుగో," అని కాగితం రెండు మడతలు పెట్టి కూతురి చేతికిచ్చింది లోరెట్టా. "నాలుగు దాటకుండా ఇచ్చేసిరా."

"అమ్మా, నేను..."

"నువ్వన్నది నిజమే. నువ్వు అడగలేదు. అడుగుతావేమోనని నేను భయపడ్డాను కూడా. అడిగితే ఆగేదాన్ని, ఆగాక నీ మీద విసుక్కునేదాన్ని." కోటు బొత్తాలు పెట్టుకుంది. నీలం కోటు. నాన్న ఉన్నప్పటిది. "తాడు ఎవరు వేస్తారు?"

ఆనర్ సొసైటీలో ఆఖరు ఏడాది పిల్లలకి ఈ సభలో కుచ్చుల తాడు వేస్తారు, బంగారు రంగుది, పట్టాల పండగ నాడు గౌను మీద వేసుకోవడానికి. పేరు పిలవగానే అమ్మో నాన్నో స్టేజీ ఎక్కి, బిడ్డ మెడ చుట్టూ వేసి, రెండు కొసలూ సమంగా సర్ది దిగుతారు. ఊళ్ళో తల్లులకి ఆ సర్దడంలోనే ఉంటుంది సంబరమంతా.

ఐవీ చేతిలోని మడత కాగితం వంక చూసింది. కాగితం జవాబు చెప్పేసింది.

"సరే," అంది లోరెట్టా. గుమ్మం దగ్గర ఆగింది. "వేషం ఎలా వస్తోంది?"

"నానమ్మ అందిస్తోంది మాటలు."

"చావుకబురు చెప్పినట్టు చదువుతుందేమో."

"నాకు వినబడుతోంది," అంది నానమ్మ.

అమ్మ నవ్వబోయి, మానేసి, మెట్లు దిగింది. ట్రక్కు వెళ్ళిపోయాక చాలాసేపు నానమ్మ కింద పడ్డ నాలుగు నూడుల్స్‌నీ ఒక్కొక్కటిగా ఏరుతూ ఉండిపోయింది.

ఓటిసన్ గారు కాగితం రెండు సార్లు చదివారు. మంచి మనిషి. మంచివాళ్ళు ఇబ్బంది పడ్డప్పుడు చేసినట్టే కళ్ళజోడు తీసి తుడిచారు.

"మీ అమ్మ కష్టపెట్టుకుందా?"

"లేదండీ," అంది ఐవీ. ఈ రోజుకి ఇది మొదటి అబద్ధం. ఇంకెన్ని ఉన్నాయో.

"సాయంత్రం నువ్వు చదివే కార్డు మార్చి టైపు చేయించాను. పత్రాలు ఎలాగూ అచ్చవలేదు, ఆపించాం. ఒక్క మాట, ఐవీ. తాడు మీ నానమ్మే వేయాలి. బోర్డువాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు. కాగితంలో ఒకటి, స్టేజీ మీద ఒకటి అయితే నేను ఏమీ చేయలేను."

జిమ్‌లో గ్లెన్నా సీమెక్ మడత కుర్చీలు వరసలు పెడుతోంది. సంఘానికి ఉపాధ్యక్షురాలు, నాటకంలో ఐవీ రాలేకపోతే ఆ వేషం కట్టాల్సిన రెండో మనిషి. చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు.

"సంతకం అయిందా?"

"అయింది."

"హమ్మయ్య." గ్లెన్నా ఒక కుర్చీ విప్పి దాని మీద తనే కూలబడింది. "నిజం చెప్పనా? రాత్రి నీ వేషం మాటలన్నీ కంఠతా పట్టాను. అధ్యక్షురాలి ఉపన్యాసం కూడా ఒకటి రాసుకున్నాను. మా అమ్మ విని బాగుందంది. నీకు అలా జరగకూడదని ప్రార్థన చేశాను, ఆ తరువాత అద్దం ముందు నిలబడి చదువుకున్నాను. నన్ను తిట్టుకో."

"ఎందుకు తిట్టడం? ఎవరో ఒకరు నేర్చుకోవాలిగా."

"నువ్వు తిడితేనే బాగుండేది," అంది గ్లెన్నా. "ఆ మొహం ఏమిటే? గెలిచావుగా."

ఐవీ కుర్చీలు విప్పడం మొదలుపెట్టింది.

ఏడింటికి జిమ్ నిండిపోయింది. బాస్కెట్‌బాల్ బుట్టలని పైకప్పు దాకా ఎత్తి కట్టేశారు. స్టేజీ మీద తెల్ల గుడ్డ పరిచిన బల్ల, దాని మీద నాలుగు కొవ్వొత్తులు. చదువు, సేవ, నాయకత్వం ముగ్గురు పిల్లలు వచ్చి వెలిగించారు. నాలుగోది ఐవీ వెలిగించింది. అగ్గిపుల్ల రెండు సార్లు ఆరిపోయింది. తలుపు సందుల్లోంచి వచ్చే గాలేనని అందరూ అనుకున్నారు.

నానమ్మ మూడో వరసలో నడవా పక్కన కూర్చుంది. చర్చికి వేసుకునే గౌను వేసుకుంది. తాడు ఒళ్ళో పెట్టుకుని కుచ్చులు సర్దుతోంది, నూడుల్స్ సర్దినట్టే.

ఐవీ మైకు ముందుకొచ్చి కార్డులు తీసింది. సంఘం అధ్యక్షురాలే పేర్లు చదవడం ఈ బళ్ళో మొదటి నుంచీ ఉన్న పద్ధతి. అక్షర క్రమంలో మొదలుపెట్టింది. ఫలానా, ఫలానా వారి కుమారుడు. ఫలానా, ఫలానా వారి కుమార్తె. ఒక్కో తల్లీ స్టేజీ ఎక్కుతోంది, తాడు వేస్తోంది, కొసలు సర్దుతోంది, కెమెరా మెరుస్తోంది, దిగుతోంది.

ఏడో కార్డు దగ్గర తలెత్తినప్పుడు కనిపించింది. జిమ్ చివర, ఆటల్లో గెలిచిన కప్పుల బీరువా పక్కన, తలుపుకి దగ్గరగా నీలం కోటు. పక్కన డేల్, టోపీ చేతిలో. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. హెబ్లర్ నుంచి వచ్చినవాళ్ళలాగా నిలబడి ఉన్నారు.

ఐవీ ఎనిమిదో కార్డు చదివింది. తొమ్మిదోది. ఓల్సన్ వాళ్ళ అబ్బాయి తల్లి కుచ్చులు సర్దుతూ కొడుకు చెవిలో ఏదో అంటే వాడు ఎర్రబడ్డాడు. అందరూ నవ్వారు. నీలం కోటు కూడా నవ్వింది. అంత దూరం నుంచి కూడా ఐవీకి తెలిసింది.

పదో కార్డు. కొత్త టైపు, నల్లగా ఉంది.

"ఐవీ ప్రోహాస్కా," అని చదివింది.

తన పేరు తనే చదువుకోవడం విని ముందు వరసలో ఎవరో మెచ్చుకోలుగా కదిలారు. నానమ్మ లేచి నడవాలోకి వచ్చింది. కార్డు మీద తరువాతి మాటలు స్పష్టంగా ఉన్నాయి. మిసెస్ ఆగ్నెస్ ప్రోహాస్కా సంరక్షణలో ఉన్న బాలిక. చదవడానికి అంతా కలిపి నాలుగు సెకన్లు పట్టదు.

నోరు తెరిచింది. ఈ ఆరు వారాలూ తనకెంత కావాలో ఐవీకి తెలుసు. సుత్తి కావాలి, ఆ ముసలి తల్లి వేషం కావాలి, పట్టాల పండగ నాడు మొదటి ఉపన్యాసం కావాలి. ఇప్పటికీ కావాలి. వద్దనుకున్నది ఏమీ లేదు. కానీ 'సంరక్షణలో ఉన్న' అన్న మాట పట్టుకుని నాలుక కదలలేదు. దాణా కొట్టు రసీదుల వెనకాల నాలుగు సార్లు రాసి చూసుకున్న పేరు కళ్ళ ముందుకొచ్చింది. ఆ పేరు ఈ ఊళ్ళో ఒక్కసారైనా ఎవరో ఒకరు గట్టిగా చదవాలి.

"కీర్తిశేషులు రేమండ్ ప్రోహాస్కా, శ్రీమతి లోరెట్టా వాస్ గార్ల కుమార్తె," అంది మైకులో.

ముందు వరసలో బోర్డు అధ్యక్షుడు పక్కవాడి వైపు వంగాడు. వెనక కుర్చీలోంచి ఓటిసన్ గారు చిన్నగా, "కార్డు చదువమ్మా, ఐవీ. కార్డులో ఉన్నది చదువు," అన్నారు. ఇంకా దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇస్తున్నారు. ఆ గొంతులో దయ ఉంది. ఐవీ ఆయన వైపు తిరగలేదు. తలుపు వైపు చూసింది.

నీలం కోటు లేదు.

తలుపు పక్కన డేల్ కూడా లేడు. తలుపు రెక్క ఇంకా మెల్లగా మూసుకుంటోంది. అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. తన పేరు చదవగానే వెళ్ళిపోయారు. ఆ పేరు తరువాత కార్డులో ఏముందో అమ్మకి తెలుసు. సంతకం పెట్టింది తనే. అది చెవులారా వినకుండా ఉండడానికి ఒక్క అడుగు ముందు బయటికి నడిచింది. ఐవీ చదివింది ఈ ఊరంతా విన్నది, ఒక్క అమ్మ తప్ప.

ఐవీ కార్డుల కట్ట బల్ల మీద పెట్టింది. స్టేజీ మెట్లు దిగింది. తాడు చేతిలో పట్టుకుని నానమ్మ మెట్ల కిందే నిలబడి ఉంది. ఆవిడ మొహంలో ఏముందో చూడటానికి ధైర్యం చాలలేదు.

"ఆగు," అంది నానమ్మ.

ఆగింది.

"ఉత్త చేతులతో పోతావా?" తాడు మనవరాలి చేతిలో పెట్టి, ఆవిడ దాని పిడికిలి మూసింది. "నా మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కవు. పో, అది మీ అమ్మకియ్యి. కొసలు సమంగా వచ్చేదాకా వదలద్దని చెప్పు."

ఐవీ నడవా వెంట నడిచింది. ఊళ్ళో తెలిసిన మొహాలన్నీ రెండు పక్కలా ఉన్నాయి. సెప్టెంబరులో తనకి ఓటేసినవాళ్ళు, వెయ్యనివాళ్ళు, డబ్బాలిచ్చినవాళ్ళు. నడవా ఇంత పొడుగని కుర్చీలు వేసినప్పుడు తెలియలేదు.

సగం దూరం వచ్చేసరికి వెనకాల మైకు గరగరమంది. ఎవరో గొంతు సవరించుకున్నారు.

"లైల్ రెజెక్," అని గ్లెన్నా తరువాతి కార్డు చదవడం మొదలుపెట్టింది. గొంతు మొదట వణికింది, తరువాత కుదురుకుంది. బాగానే చదువుతోంది.

ఐవీ నడక ఆపి పరుగు అందుకుంది. తలుపు తోసేసరికి చలిగాలి మొహానికి కొట్టింది. బళ్ళు నిలిపే చోట దీపాల కింద ఖాళీ జాగా ఒకటి, తడి బురదలో కొత్త చక్రాల జాడ. ట్రక్కు అప్పటికే వీధి మలుపు తిరిగింది. వెనక ఎర్ర దీపాలు రెండూ కౌంటీ రోడ్డు వైపు పోతున్నాయి.

"అమ్మా," అని అరిచింది ఐవీ. స్టేజీ మీంచి వెనక వరస దాకా వినిపించేలా అరవడం డ్రామా క్లబ్బులో నాలుగేళ్ళు నేర్చుకున్న గొంతు అది.

రోడ్డు దాటే చోట ఎర్ర దీపాలు ఒక్కసారి ప్రకాశంగా వెలిగాయి. అక్కడ ఆగమని ఒక బోర్డు ఉంది, ఏ బండైనా ఆగి తీరాలి. అందుకే ఆగిందో, విని ఆగిందో తెలియలేదు. తాడు గుప్పిట్లో బిగించి పట్టుకుని, ఐవీ ఆ దీపాల వైపు పరుగెత్తింది.